అర లీటరు గెడ్డ

గాజువాక దాటాక
ఫ్యాక్టరీ గోడల వెనక నుంచి వచ్చే గెడ్డకు పేరు లేదు.
సోమవారం ఎరుపు, గురువారం ఊదా,
వానొస్తే ఏ రంగో చెప్పలేం.
నూకరత్నం వంతెన కిందికి దిగి
పాత నూనె డబ్బాలో దాన్ని ముంచుకుంది.
సిటీ బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చింది.
కండక్టరు అడిగాట్ట: "ఏటమ్మా, సర్బత్తా?"

ల్యాబులో నా పని వైర్లు చూడ్డం,
ఫ్యూజులు మార్చడం, టీ తేవడం.
ఇరవై రెండేళ్ళుగా ఎన్నో ప్రయోగాలకు టీ తెచ్చాను.
ఏదీ నన్ను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడేలా చేయలేదు.

ముందు శబ్దం.
టైటానియం కడ్డీ నీళ్ళలో మునిగి
మనకందని గొంతుతో అరుస్తుంది.
నాకు వినపడదు.
వాచ్‌మన్ అసిరయ్య కుక్కపిల్లకు వినపడుతుంది:
మెట్ల కింద నుంచి లేచి
బీచ్ రోడ్డు దాకా ఒకటే పరుగు.
నీళ్ళ నిండా బుడగలు.
నీటి బుడగ బతుకు అని తేలిగ్గా అనేస్తాం గానీ
ఈ బుడగ చచ్చే తీరు చూడాలి.
తనలోకి తనే కూలిపోయి
ఆవగింజలో వెయ్యో వంతు చోట
ఏ కొలిమీ ఎరగని వేడి పుట్టించి పోతుంది.
అన్ని చావుల దెబ్బకు కడ్డీ మొన మీద
అమ్మవారు పోసినట్టు గుంటలు.

ఒక్క శబ్దంతో గంట.
రంగు కాస్త వెలిసింది, ఉతికిన నేత చీరలా.

తర్వాత మెరుపు.
సూది మొన నుంచి ఇరవై వేల వోల్టులు
ఊదారంగు వేరులా నీళ్ళలోకి దిగి
చిటపటమన్నాయి.
తుపాను ముందు రాత్రి డాబా మీద వచ్చే వాసన
గది నిండా.
ఒక్క మెరుపుతో ఇంకో గంట. ఇంకాస్త వెలిసింది.
కరెంటు మీటరు మాత్రం పరిగెత్తింది.

రెండూ కలిపిన రోజు
ఏమైందో ఆ పిల్ల మాటల్లోనే చెప్పాలి:
"మెరుపుకి నీళ్ళు గోడ, బాబాయ్. బుడగ తలుపు."
బుడగలు తలుపులు తీస్తూ పోతే
మెరుపు గదిగదికీ దీపం పెట్టుకుంటూ పోయింది.
నీరు తనను తానే చీల్చుకుని
క్షణంలో లక్షో వంతు కూడా బతకని ఒక ఆకలిని కన్నది.
అది దొరికిన రంగునల్లా కొరికింది.
పన్నెండు నిమిషాలు.
బీకరు వెనక నా వేళ్ళు కనపడ్డాయి,
గోటి కింది గ్రీజుతో సహా.

చప్పట్లు కొట్టేశాను. తర్వాత సిగ్గేసింది.

సాయంత్రం వాళ్ళమ్మ ఎర్రమ్మ వచ్చింది,
ఎండు నెత్తళ్ళు అమ్ముడైన ఖాళీ గంపతో,
కూతురికి అన్నం క్యారేజీతో.
బీకరు ఎత్తి కిటికీ వెలుగులో పట్టింది.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"రంగు పోనాది, సరే.
ఇసం పోనాదేటి?
మావోళ్ళ వలకి సచ్చిన సేపలు తగిలిన రోజు
సముద్రం నీలంగానే ఉన్నాది."

ఎవరం మాట్లాడలేదు.
నూకరత్నం నోటుబుక్కు తీసి
తొంభై ఆరు శాతం అని రాసిన చోట
ఏమీ కొట్టేయకుండా
దాని కింద తల్లి ప్రశ్నను తల్లి యాసలోనే రాసుకుంది.
తేదీ వేసింది.

అర లీటరు.
ఈలోగా ఆ వంతెన కింద
ఎన్ని అర లీటర్లు పోయాయో లెక్క కట్టబోయి మానేశాను.
కొత్త ఫ్యూజు వేశాను.
"ఇంకో రెండు గంటలు ఉండగలవా బాబాయ్?" అంది.

కుక్కపిల్ల అప్పుడే తిరిగొచ్చి
మెట్ల కింద చెవులు వేలాడేసి పడుకుంది.
ముందు కిందికి దిగి
దాన్ని అసిరయ్య చేతిలో పెట్టి
గేటు అవతలికి తీసుకెళ్ళమన్నాను.