ఒక సీసా తక్కువ

రేడియోలో చెప్పారు, రాత్రికి గడ్డమంచని.
మే నెల. సేసిస్ ఊరి చివర తోటలో
పదిహేడు టమాటా మొలకలు,
మెడ నిలవని పసికందుల్లా.

వెల్తా అటకమీంచి దింపింది:
తేనె సీసాలు, దోసకాయల సీసాలు,
మూత తుప్పుపట్టిన కాఫీ సీసా.
టార్చి నోట కరుచుకుని
ఒక్కో మొలకమీదా ఒక్కోటి బోర్లించుకుంటూ పోయాను.

పదహారే.

వెల్తా వంటింట్లోకెళ్లి
ఎవరి పెళ్లికో దాచిన ప్లమ్ జామ్
ఆఖరి సీసా మూత తిప్పింది.
నిద్రకళ్ల పిల్లలు, పక్కింటి గుంతిస్, వాడి కుక్క,
తలా ఒక చెంచా.
ఎవరూ మాట్లాడలేదు,
అవతల చలి ఆగదు కదా.

కడిగే తీరిక కూడా లేదు.

తెల్లారేసరికి గడ్డంతా తెల్లగా బిగుసుకుంది.
పదిహేడు గాజు గుడిసెల్లోనూ ఆవిరి.
చివరిదాంట్లో
మొలకతోపాటు ఒక చీమ,
గోడలు నాకుతూ.