జులై ఒకటి, సజ్జా క్యాంపు

పొద్దుగాల నాలుగున్నర.
బాత్రూం ముంగట బకెట్ల లైను.
ముప్పై ఒక్క ఫోన్లు ఒక్కసారే మోగినయి:
ఒకటి కోయిల, ఒకటి పోలీసు జీపు,
ఒకటి ఎవరి బిడ్డదో నవ్వు.
కంపెనీ మెసేజి:
పుట్టినరోజు శుభాకాంక్షలు. హెల్మెట్ మరువద్దు.

మా అందరిదీ ఒకటే తారీకు.
పాస్‌పోర్టు కాయితంల ఏజెంటు దశరథం
పెన్ను ఆపకుంట రాసిండు, జులై ఒకటి.
బడిల పంతులు గూడ గంతే.
మా తల్లులు నొప్పులు వడ్డది వేరే వేరే రాత్రులల్ల,
కాయితం మమ్మల్ని కవలల్ని చేసింది.

బస్సుల కుంజుమోన్ రేడియో పెడ్తడు.
అండ్ల ఒకామె, ఏసీల కూసున్న గొంతు,
దినాం చెప్తది
ఈ తారీకున ఏ పాటగాడు పుట్టిండు,
ఏ పట్నంల ఏ దొర పియానో వాయించిండు.
ఎనుక సీట్ల నుంచి పోశెట్టి అడిగిండు:
"మనయి గూడ చెప్తదా?"
ఎవ్వలూ నవ్వలే.

గందుకే నేను చెప్తున్న.

జులై ఒకటి. లింబాద్రి పుట్టిండు, సన్నాయి.
నిజానికి మాఘమాసం.
వాళ్ల నాయిన ఎవరింట్లనో అప్పగింతలకు ఊదుతున్నడు.
కబురు తెచ్చినోడు పందిరి గుంజ వట్టుకొని నిలవడ్డడు,
పాట ఒడిసేదాంక నోరు విప్పలే.
ఇప్పుడు లింబాద్రి పైపు ముక్కలు ఊది చూస్తడు,
ఏ సైజుది ఏ శ్రుతో వానికెరుక.

అదే దినాన భూమయ్య, ఒగ్గు డోలు.
చెరువు తెగిన ఏడు పుట్టిండు.
ఏ చెరువో చెప్పకముందే అమ్మ పోయింది.
వీసాకు పైసలు తక్కువైతే గొర్లనమ్మిండు,
డోలు అమ్మలే.
అది దూలానికి ఏలాడుతున్నది.
వానకు తోలు వదులైతే
ఇంటామె పొయ్యి కాడ కాపి, కొట్టి, ఫోన్ల వినిపిస్తది.

గుల్ జమాన్, స్వాత్ పఠాను, రబాబు.
ఆయనది జనవరి ఒకటి, అక్కడి పంతులు వేరే.
అయినా మా లెక్కలనే.
తంతి తెగినప్పుడు పోశెట్టి కడ్డీలు కట్టే తీగె ఇచ్చిండు.
మూడు రాత్రులు వాయించి, వేళ్లు కోసుకొని,
"కల్లి వల్లి" అని నవ్విండు.

చరిత్రల ఇదే దినం, నిరుడు.
పద్నాలుగో అంతస్తు, మధ్యాహ్నం ఎండ విరామం.
పోశెట్టి షట్టరింగు చెక్కను ఒళ్లె పెట్టుకున్నడు.
డప్పు పట్టిన చేతులు,
పదకొండేండ్లు బోల్టులే బిగించినయి.
మొదటి దరువు తప్పింది.
రెండోది తప్పలే.
లింబాద్రి పైపు ఎత్తిండు,
బంగ్లా హారూన్ కడ్డీ మీద కడ్డీ.
క్రేనుల ఉన్నోడు హారన్ కొట్టిండు, తాళానికే.

ఫోర్మన్ మెట్లెక్కి వచ్చిండు.
నోరు తెరిచిండు.
గడియారం చూసిండు, ఇంకా ఇరవై నిమిషాలున్నయి.
కూసున్నడు.
ఆయన ఎన్నడు పుట్టిండో నాకు తెల్వదు.
ఎడమ బూటు మాత్రం కదిలింది, నేను చూసిన.

రికార్డు లేదు.
మర్నాడు అదే చెక్క బిగించి స్తంభం పోసినం.
ఊడదీస్తే దాని నారల గుర్తులు కాంక్రీటు మీద దిగినయి.
ఇప్పుడు ప్లాస్టరు కిందున్నయి,
పైన ఎవరిదో పెండ్లి ఫోటో ఉండొచ్చు.

రాత్రి ముప్పై ఒక్కమందికి ఒక్క కేకు,
గుల్ జమాన్‌కు గూడ ఒక ముక్క.
"ఏం పేరు రాయాలె?" అన్నడు బేకరీ పోరడు.
తారీకు రాయి, సాలు అన్న.

తెల్లారి జులై రెండు.
రేడియోల ఆమె ఇంకెవరినో పుట్టించింది.
మా క్యాంపుల ఎవ్వలు పుట్టలే.
బకెట్ల లైను. ఫోన్లు సప్పుడు చేస్తలేవు.
భూమయ్య ఒక్కడే
గోడ దిక్కు తిరిగి, చెవికి ఫోను అదుముకొని:
"ఇంకొంచెం కాపు... ఎడమ దిక్కు...
అగో,
అది."