నాలుగంగుళాల ఎత్తు

విమానం ఉంటదని ఆశపెట్టి తీసుకొచ్చిన.
నా తప్పే.
హన్మకొండ మ్యూజియంల, మెట్ల కింది గదిల,
అద్దాల పెట్టెల ఉన్నది ఒక దిండు.

ఆరో తరగతి ఇరవై ఎనిమిది మంది
నన్నొక చూపు చూసిండ్రు.
"గిదేనా సార్?" అన్నడు అజ్మీర తరుణ్.

పాత శత్రంజిని మడిచి
నాలుగు దిక్కుల దబ్బనంతో కుట్టిన దిండు.
ఎరుపు ఇటుకపొడి రంగుకు దిగింది.
నీలం మాత్రం ఇంకా మొండికేసి ఉన్నది.
పక్కన చీటీ:
"దిండు. నూలు. పైలట్ మనోరమాబాయి వాడినది."

మిగతాది నేను చెప్పాలె.
మిల్లు లెక్కల గుమాస్తా బిడ్డ.
మామునూరు గడ్డి మైదానంల
తొలిసారి విమానమెక్కి కూసున్ననాడు
ఆమెకు ఆకాశం కానరాలేదు.
ముక్కు ముందట వణుకుతున్న ముళ్ళు,
వాటి మీద రేకు అంచు, అంతే.
సీటు మగోళ్ళ కొలతకు చేసింది మరి.
"పొడుగైనంక రా బిడ్డా" అన్నడట నేర్పే ఆయన.
అప్పటికి ఆమెకు ఇరవై రెండేండ్లు.
ఇంక పొడుగయ్యేదెక్కడ?

తెల్లారి చంకల ఇది పెట్టుకొని వచ్చింది.

నవ్విండ్రు పిల్లలు. నవ్వు ఆగినంక సమ్రీన్ అడిగింది:
"దిండేసుకుంటే కండ్లకు అందుతది సరే,
కాళ్ళకు ఎట్లందుతది సార్?"

చీటీల లేదు. నేను చదివిన దాంట్ల లేదు.
"తెల్వదు" అన్న.
ఇరవై ఏండ్ల నౌకరిల ఎన్నిసార్లన్ననో ఆ మాట,
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కావలుండే యాదమ్మ లేచి కుర్చీ ఇచ్చింది.
ఒక్కొక్కరే ఎక్కి కూసుండుడు.
ఉత్తగ కూసుంటే గోడ.
కింద బడి సంచి పెట్టుకుంటే
కిటికీ అవతల పద్మాక్షి గుట్ట, దాని మీద ఎండ.
"అగో, అగో" అని ఇరవై ఎనిమిది గొంతులు.
టిఫిన్ డబ్బా పగిలింది ఎవలదో.

బూర నిహారిక కుర్చీ దిక్కు రాలేదు.
ముక్కు అద్దానికి ఆనిచ్చి
ఊపిరితో మసకచేసి, తుడిచి, మళ్ళ చూసి,
"సార్, ఇది మా కొత్తవాడది" అన్నది.
"అంచు చూడుండ్రి. రెండు పోగులు కలిపి వెనక్కి తిప్పిండ్రు.
మా తాత గట్లనే ముగిస్తడు.
నేసినాయన పేరు రాయలేదేంది?"

రెండోసారి తెల్వదన్న.

మరునాడు విమానం బొమ్మ వేయమన్న.
రెక్కలు, మబ్బులు, మూడు రంగుల తోకలు.
నిహారిక లెక్కల నోటు గడుల కాగితం మీద
ఒట్టి అంచు గీసింది, పోగు పోగు లెక్కబెట్టి.
పక్క బెంచి సమ్రీన్
దాని మీద ఒక ఆడమనిషిని కూసుండబెట్టింది.
కాళ్ళు నేలకు అందుతలేవు.
చెప్పుల కిందికి చెక్కముక్కలు, సుతిలి తాడుతో కట్టినయి.
మూలకు పెన్సిల్‌తో చిన్నగ:
"గిట్ల చేసి ఉంటది సార్."

ఎర్రపెన్ను మూత తీసిన.
మళ్ళ పెట్టిన.