గోడకవతల నాలుగు డిగ్రీలు

గోడకవతల పదివేల మూటల చింతపండు
నాలుగు డిగ్రీల్లో నిద్రపోతా ఉంటుంది.
ఇవతల నా మీటర్ల గది.
చిత్తూరంతా ఎండకు మాడతా ఉంటే
నేనిక్కడ మఫ్లరు చుట్టుకోని
రీడింగులు రాస్తా ఉంటా.

పెయింటు డబ్బాలో మిరపచెట్టు.
రెడ్డెమ్మ కారం దంచేటప్పుడు
రోకటి దెబ్బ తప్పించుకోని ఎగిరిన గింజ.
మొలిచేదానికే నెలన్నర పట్టె.
పసుప్పచ్చ బల్బే దానికి పొద్దు.
బడికి పోనని మొండికేసిన పిల్ల మాదిరి
ఆకులు ముడుచుకోని కూర్చునేది.
కుండనీళ్ళు కూడా చలే దానికి,
టీగ్లాసు మీద చెయ్యి కాచుకోని
ఆ చేత్తోనే తడిపేవాణ్ణి.

పూసిన పూలు పూసినట్టే రాలె.
తేనెటీగ రాదు గదా ఈడికి.
అగ్గిపుల్లకు దూది చుట్టి
నేనే తిరిగినా, పువ్వు పువ్వుకీ.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు పలకలేదు.
ఓనరు ఫోన్లో అరుస్తానే ఉండాడు.
చింతపండుకు చెమట్లు పట్టినాయి,
చెట్టు మాత్రం
మూడు గంటలు ఒళ్ళు విరుచుకునింది.
ఎవురి పక్క ఉండాల్నో తెలీక
టార్చి పట్టుకోని
నడవలో నిలబడినా.

ఒకే ఒక కాయ,
చిటికెనవేలంత.
సంగటిలో నంజుకున్నా.
కారమే లేదనుకున్నా.
తలుపు తీసి చలిలోకి పోయినాక
చెవులు మండినాయి.