లంకె

పుట్లూరు షెడ్డులో, పటిక నీళ్ల తొట్టికి ఇవతల,
పెట్టెలు లెక్క రాసేదాన్ని నేను, ఒన్నూరమ్మను.
పెట్టెకు పదమూడు కేజీలు.
అత్తానికీ అత్తానికీ నడుమ దూది లాంటి తెల్ల రేకు.
గోరు గీత పడినా ఆ కాయ గల్ఫుకు పనికిరాదు.

ఉగాది దాటినాక కంపెనీ వాళ్లు
ఒక పలక తెచ్చి గోడకు బిగించినారు.
బలపం లేని పలక. మాట్లాడతాది.
మా యాస కాదు గానీ తెలుగే,
రేడియోలో వార్తలు చదివే ఆయమ్మ తెలుగు.
ఓడలు యాడుండాయో,
ఏ దేశం ఏ దేశం మీద పండ్లు కొరుకుతాందో,
ముంబై రేవులో ఎన్ని చలిడబ్బాలు
కరెంటు తగిలించుకొని నిలబడినాయో
అన్నీ దానికి తెలుసు.

ఒక తెల్లారి అనింది:
"కోత వాయిదా వేయండి.
జలసంధి వద్ద ముప్పు డెబ్బై ఒక్క శాతం."

సముద్రానికి కూడా సందులుంటాయంట,
మా పీర్ల మసీదు వెనక సందు మాదిరి.
ఒక ఎద్దులబండి అడ్డం నిలిస్తే
పీర్లయినా చుట్టు తిరిగి పోవాల్సిందే.

కుల్లాయప్ప గెలకు కట్టిన నీలం సంచి ఎత్తి చూసినాడు.
"నన్ను ఆగమంటే ఆగుతా.
దీనికెవరు చెప్తారు?"
కాయ నిండింది.
మూడో బోరు, ఆరునూర్ల ఇరవై అడుగులు,
దాని నీళ్లన్నీ ఇప్పుడు ఇందులోనే ఉండాయి.
కోసినాం.

పలక చెప్పిందే నిజమాయె. దాచను.
పదకొండో రోజు ఆ సందు మూసకపోయింది.
ఎవరు ఎవరి మీద ఏం వేసినారో
టీవీలో మూడు రంగుల బాణాలతో చూపించినారు.
రేవులో మా డబ్బా పదమూడున్నర డిగ్రీల చలిలో
ముడుచుకొని పండుకొనింది,
కరెంటు బాడుగ కాయ ధరను దాటేదాకా.
ఆ మీదట ఎవరో ప్లగ్గు పీకినారు.
ఇక్కడ తోటలో మిగిలినవి చెట్టు మీదనే పండి
ఊరంతా వారం రోజులు తీపి వాసన,
తలనొప్పి వచ్చేంత.

అదే వారం పలకకు ఇంకో పని పడింది.
నాలుగు గంటల్లో
వేరే ఖండంలో వేరే తోట, వేరే ఓడ, వేరే సందు
వెతికి పెట్టింది.
దుబాయి అంగట్లో అరటిపండ్ల బల్ల
ఒక్క పూట కూడా ఖాళీ కాలేదంట.
కంపెనీ ఆయన షెడ్డుకొచ్చి లడ్లు పంచినాడు:
"సరఫరా గొలుసు తెగలేదు!"

గొలుసు.
నాదీ ఒకటుండేది, రెండు తులాలు.
తాడిపత్రి బ్యాంకులో ఉంది ఇప్పుడు.
ఒకసారి కొక్కెం దగ్గర తెగితే
మౌనాచారి కాడికి తీసకపోతి.
అరిగిన లంకె ఒకటి పట్టకారుతో తీసి పక్కనేసి
రెండు కొసలూ కలిపి మంట ఊదినాడు.
"తెగిన చోటు నువ్వే కనుక్కోలేవమ్మా."
నిజమే, కనుక్కోలేకపోతి.
తీసిన లంకెను అడిగి తెచ్చుకోవాలని
ఇంటికొచ్చినాక గానీ తోచలేదు.

రాత్రి షెడ్డు తలుపేసే ముందు పలకను అడిగినా:
కుల్లాయప్ప కాయలు ఏమైనాయి?
"క్షమించండి. ఆ వివరం నాకు ఇవ్వలేదు."
కోపం రాలేదు. అబద్ధమన్నా చెప్పలేదు కదా.
ఇవ్వలేదంటే,
ఇయ్యాల్సింది ఎవరు?
లెక్క రాసేదాన్ని నేనే గదా.

పొద్దున పెట్టెల అంకెల పక్కన,
"ఇతర వివరాలు" అని ఎప్పుడూ ఖాళీగా ఉండే గడిలో
ఒక్కొక్క అక్షరమే వేలితో కొట్టినా:
కుల్లాయప్ప. మూడెకరాలు. అప్పు నాలుగు లక్షలు.
బిడ్డ నర్సింగు ఫీజు ఇంకా కట్టలేదు.
గొర్రెలు కూడా తిని తిని మొహం తిప్పుకున్నాయి, ఇంక

అక్కడ నిలిచిపోయింది.
ఆ గడిలో పట్టేది అంతేనంట.
ఒత్తులూ దీర్ఘాలూ కూడా లెక్కలోకే.

గొర్రెలను చెరిపేసి
బోరుకు చోటు చేసినా.