కుడి పక్క

విట్లీ బేలో ఆదివారం గాలికి
గొడుగులు వెనక్కి విరుచుకుపోతాయి.
అయినా వాళ్ళ నడక ఆగదు,
లైట్‌హౌస్ దాకా, మళ్ళీ చిప్స్ కొట్టు దాకా.

పెళ్ళినాడు పంతులుగారు
పీటల మీద ఎడమవైపుకి జరిపి కూర్చోబెట్టాడు అమ్మని.
నలభై ఆరేళ్ళ ఫోటోలన్నిట్లోనూ అటే ఉంది,
న్యూకాసిల్ స్టేషన్‌లో
సూట్‌కేసు మీద వణుకుతున్న దాంట్లో కూడా.

మొన్న వెనకాల నడుస్తూ చూశాను:
అమ్మ కుడివైపుంది.
ఎప్పుడు మారావంటే
"ఏమో, గాలి అటునించి కొడుతోందిగా" అంది.

నాన్న ఎడమ చెవి పనిమానేసి రెండేళ్ళు.
ఆస్పత్రివాళ్ళిచ్చిన మిషను
సొరుగులో, చెల్లని పౌండు బిళ్ళల పక్కన.

"పాలు అయిపోయాయి" అంటుంది.
"ఆ సీగల్ చూడండి, అచ్చం మీ అన్నయ్య నడక" అంటుంది.
నెమ్మదిగానే అంటుంది.
తల కాస్త వంచి వింటాడాయన,
తిట్లతో సహా.

రోడ్డు దాటేటప్పుడు మాత్రం
కార్లొచ్చే వైపు ఆమె ఉండకూడదు.
"ఇందూ" అని చెయ్యి పట్టి
ఎడమకి లాక్కుంటాడు.

ఆ నాలుగడుగులూ
ఆమె మాట ఆయనకి వినపడదు.
ఆమె ఆపదు.
ఆయన తలూపుతూనే ఉంటాడు.