మబ్బు తిన్న బాణసంచా

హాలిఫాక్స్‌లో ఆ రాత్రి ఆకాశం లేదు.
రగ్బీ మైదానం మీదికి మంచు దిగి
కొండ పోయింది, పాత మిల్లు గొట్టం పోయింది.
దీపాల కింద మనుషులు మాత్రం
మూత తీసిన ఇడ్లీపాత్రలో ఉన్నట్టు
ఆవిర్లు కక్కుతూ నిలబడ్డారు.

ఐదు పౌండ్లు నాది, రెండున్నర దానిది.
వారం రోజులుగా ఊరించాను:
తారాజువ్వ ఇలా లేస్తుంది, ఇలా విచ్చుకుంటుంది,
బచ్చలిపండు రంగు, నిమ్మపండు రంగు అని
ముద్దకో జువ్వ చొప్పున
గాల్లోకి వదిలి మరీ తినిపించాను.

చిట్కు నా భుజాలెక్కింది.
ఎర్ర రబ్బరు బూట్లు నా ఛాతీ మీద దరువేస్తున్నాయి.
ఉన్ని తొడుగులతో జుట్టు చిక్కక
చెవులు పట్టుకుంది.

ఏడున్నరకి మొదటిది లేచింది.
జుయ్‌మని వెళ్ళడం విన్నాం.
తర్వాత ఢామ్.
అంతే.
పువ్వు లేదు, రేకు లేదు.
బూడిదరంగు దుప్పటి లోపల ఎవరో
టార్చి వేసి ఆర్పేసినట్టు.

అయ్యో అంది జనం, ఒకే గొంతుతో.
మా వీధి చివరింటి మోరీన్ గారు,
డెబ్బై నవంబర్లు చూసినావిడ,
ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదంది.
ఇప్పుడు మాత్రం ఏం చూశాననీ, అని తనే నవ్వింది.
ఆవిడ పెట్టిన పార్కిన్ ముక్క నా నోట్లో
అల్లం మురబ్బాలా చురచురలాడుతోంది.
నేను లెక్కలేసుకుంటున్నాను:
ఏడున్నర పౌండ్లు, బస్సు ఛార్జీ,
వారం రోజుల అబద్ధాలు.

అప్పుడు రెండోది.
మబ్బు మబ్బంతా, ఈ కొస నుంచి ఆ కొసకి
చెంపలు కందినట్టు ఎర్రబడింది.

నా చెవులు రెండూ నలిగిపోయాయి.
"నాన్నా! మబ్బు కారం తినేసింది!"

పచ్చబడింది.
"ఇప్పుడు గోంగూర."
పసుపు.
"పప్పు. నెయ్యి ఎక్కువేసుకుంది."
ఐదారు ఒకేసారి గుడగుడమని మోగాయి.
"అరగలేదు దానికి. నమలకుండా మింగుతోంది,
నువ్వు చెప్పు నాన్నా!"
చెప్పాను.
యార్క్‌షైర్ మబ్బుకి తెలుగులో
మెల్లగా తినమ్మా అని గట్టిగా అరిచాను.
ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు,
భాష రాకపోయినా
నవ్వాల్సిన చోటు దొరికింది వాళ్ళకి.

తల వెనక్కి వాల్చితే
నాకు దాని గడ్డం కింది భాగమే కనబడుతుంది.
ఎరుపూ పచ్చా అక్కడ పడి జారుతున్నాయి.
ఆ రాత్రి నేను చూసిన బాణసంచా అంతా కలిపి
బెత్తెడు వెడల్పు.

ఇంటికొచ్చాక పెరట్లో కాకరపువ్వొత్తి.
దాని పిడికిలి నా పిడికిట్లో పెట్టి పేరు రాయించాను.
చ రాసి గుడి కట్టేలోపు
చ ఆరిపోయింది.
మళ్ళీ రాశాం.
ఈసారి గుడి మిగిలింది కాసేపు, కింద అక్షరం లేకుండా.
మాడిన తీగ బకెట్లో చుయ్‌మంది.
వాళ్ళమ్మ జలుబు ముక్కుని కిటికీ అద్దానికి ఆనించి
ఎలా జరిగిందని సైగ చేసింది.
"ఏం కనబడలేదు" అన్నాను నేను,
"అన్నీ తినేసింది" అంది అది,
ఇద్దరం ఒకేసారి.

పొద్దున బడికి వెళ్తుంటే
తడి పేవ్‌మెంటు మీద
తలకాలిన జువ్వ పుల్ల.
వంగి తీసింది. వాసన చూసింది.
అటూ ఇటూ తిప్పి తేల్చింది:
"చివర్లో ఐస్ కూడా తిన్నది నాన్నా. ఇదిగో పుల్ల."

బడిసంచిలో పెట్టుకుంది.
టీచర్ ఒప్పుకోదని
నేను చెప్పలేదు.